చిప్ బొమ్మల ఎగుమతి, దిగుమతి – ఒక రాడార్ ఫిట్టరు అనుభవం

(పుదుచ్చేరిలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి ఏదైనా సాంకేతిక విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. చిప్ డిజైను గురించి చెప్తానన్నాను. "ఆడవాళ్ళు, పిల్లలు కూడా వస్తారు, నిద్రపోకుండా చూడండి" అన్నారు. అందుకని విషయాన్ని బాగా చిన్నది చేసుకున్నాను. చిప్ బొమ్మను ఒక కంప్యూటరు నుండి బయటకు పంపడం, ఇంకో కంప్యూటరులోకి తెచ్చుకోవడం, అంతే. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఏం జరిగిందో కూడా చెప్తాను.

ముందు నా సంగతి రెండు ముక్కలు. 1974లో ఎయిర్ ఫోర్సులో చేరాను, రాడార్ ఫిట్టరు ట్రేడు. ఇరవై ఏళ్ళు చేసి 1994లో సార్జంటుగా బయటకు వచ్చాను. సర్వీసులో ఉండగానే రాత్రిళ్ళు చదివి ఏఎంఐఈటీఈ పాసయ్యాను. ఆ కాగితం పట్టుకుని బెంగుళూరులో ఒక చిప్ డిజైను కంపెనీలో లేఅవుట్ విభాగంలో కుదిరాను. చుట్టూ పాతికేళ్ళ పిల్లలు, మధ్యలో నేనొక్కణ్ణి నలభై దాటినవాణ్ణి. 2012లో పని విరమించి ఇక్కడ లాస్‌పేటలో స్థిరపడ్డాం.

లేఅవుట్ అంటే మనవాళ్ళకు వెంటనే ప్లాట్లు గుర్తొస్తాయి. పోలిక తప్పేమీ కాదు. వెంచరులో రోడ్లు, డ్రైనేజి, కరెంటు లైన్లు వేరువేరు కాగితాల మీద గీసి ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తారు కదా. చిప్‌లోనూ అంతే. సిలికాన్ మీద ఒక పొర, దాని మీద పాలీసిలికాన్ పొర, పైన లోహపు తీగల పొరలు, పొరకూ పొరకూ మధ్య కంతలు. ఒక్కో పొరకు ఎక్కడెక్కడ ఏ ఆకారం ఉండాలో చూపే బొమ్మలన్నీ కలిపితే లేఅవుట్. ఫ్యాక్టరీవాళ్ళు ఆ బొమ్మల నుండి మాస్కులు తయారుచేసి, వాటి గుండా కాంతిని పంపి సిలికాన్ మీద ముద్ర వేస్తారు. డిజైను చేసే ఆఫీసు ఒక ఊళ్ళో, ఫ్యాక్టరీ ఇంకో దేశంలో. మధ్యలో తిరిగేది ఒక ఫైలు.

ఆ ఫైలుకు పేరు జీడీఎస్-టూ. 1970లలో అమెరికాలో కాల్మా అనే కంపెనీ, బొమ్మలు గీసే తన కంప్యూటరు నుండి మాగ్నెటిక్ టేపు మీదకు ఎక్కించడానికి ఏర్పరచుకున్న పద్ధతి. కాల్మా కంపెనీ చేతులు మారి ఎప్పుడో అంతర్ధానమైంది. ఆ టేపులూ పోయాయి. కానీ డిజైను పూర్తయి ఫ్యాక్టరీకి పంపడాన్ని ఇవాళ్టికీ టేప్-అవుట్ అనే అంటారు. ఫైలు పద్ధతి కూడా దాదాపు అలాగే మిగిలింది. 2000 తర్వాత ఒయాసిస్ అని ఇంకొకటి వచ్చింది, ఫైలు సైజు బాగా తగ్గుతుంది. అయినా పాతదాన్ని వదిలినవాళ్ళు తక్కువ. మన త్రీ నాట్ త్రీ రైఫిలు లాంటిదనుకోండి.

ఇందులో నన్ను మొదట ఆశ్చర్యపరచినది ఏమిటంటే, ఆ ఫైల్లో ఎక్కడా "ఇది ట్రాన్సిస్టరు" అని రాసి ఉండదు. "ఇది రాగి", "ఇది అల్యూమినియం" అని కూడా ఉండదు. ఉండేది ఇంతే: ఫలానా నంబరు పొర మీద, ఫలానా మూలల మధ్య ఒక ఆకారం. పొర 31, పొర 46. ఆ 31 అంటే ఏమిటో ఫైలుకు తెలియదు. అది వేరే కాగితంలో ఉంటుంది. దాన్ని లేయర్ మ్యాప్ అంటారు. సిగ్నల్సు వాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కోడ్ షీటు లేకుండా మెసేజి చేతికొస్తే, అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, ఒక్క ముక్క అర్థం కాదు. ఇంకా ప్రమాదం, నిన్నటి కోడ్ షీటుతో ఇవాళ్టి మెసేజి చదవడం. అప్పుడు అర్థమైనట్టే ఉంటుంది.

రెండో విషయం కొలతలు. ఫైల్లో దూరాలన్నీ పూర్ణాంకాలే. వెయ్యి అని ఉంటుంది. వెయ్యి ఏమిటి? ఫైలు మొదట్లో యూనిట్స్ అనే ఒక రికార్డు ఉంటుంది, అందులో ఒక అంకె అంటే మీటరులో ఎంత భాగమో చెప్తారు. మామూలుగా ఒక నానోమీటరు, అంటే మైక్రానులో వెయ్యో వంతు. కాలేజీల్లో ఒకప్పుడు బాగా వాడిన సీఐఎఫ్ అనే ఇంకో ఫార్మాట్ ఉంది, అందులో మూల కొలత మైక్రానులో నూరో వంతు. దాన్నీ దీన్నీ కలిపేటప్పుడు చూసుకోకపోతే బొమ్మ పదింతలు పెరుగుతుంది, లేదా పదో వంతుకు కుదించుకుపోతుంది. అంత తేడా వస్తే కంటికే తెలుస్తుంది. తెలియనిది ఇంకోటుంది. అవతలివారు అర నానోమీటరు లెక్కన గీశారనుకోండి, మనం ఒక నానోమీటరు లెక్కన దిగుమతి చేసుకుంటే, బేసి అంకె ఉన్న ప్రతి మూలా కాస్త జరుగుతుంది. సన్నని సందులు మూసుకుంటాయి, వాలు గీతలు వంకరపోతాయి. స్క్రీను మీద చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

కొలతల మాట వచ్చింది గనుక మన ఊరి ముచ్చటొకటి. లాస్‌పేటలో స్థలం కొన్నప్పుడు డాక్యుమెంటు చూసి నా బుర్ర తిరిగింది. ఇక్కడ ఫ్రెంచివారి పాలన 1954లో పోయింది, కాగితాల మీద పూర్తిగా 1962లో పోయింది, కానీ భూమి లెక్కల్లో హెక్టారు, ఆర్, సెంటియార్ అలాగే ఉండిపోయాయి. నా స్థలం రెండు ఆర్ల పది సెంటియార్లు, అంటే 210 సెంటియార్లు. కాకినాడ నుండి వచ్చిన మా బావమరిది కాగితం చూసి "బావా, 210 సెంట్లా! రెండెకరాలు కొన్నావా, మాతో ఒక్క మాటైనా చెప్పలేదే!" అన్నాడు. సెంటియార్ అంటే ఒక చదరపు మీటరు. మన సెంటు అంటే సుమారు నలభై చదరపు మీటర్లు. నా రెండెకరాలు తిప్పి లెక్కేస్తే అయిదు సెంట్ల పైచిలుకు తేలింది. వాడి మొహంలో సంతోషం నా స్థలమంతే అయిపోయింది. అంకె ఎవరూ మార్చలేదు. కాగితమూ సరైనదే. చదివినవాడి దగ్గర వేరే కొలత ఉంది, అంతే.

మూడోది పేర్లు. మనం నార్త్‌లో యూనిట్లో ఉండగా తెలుగువాళ్ళందరం "రావు"లమే. పేరేదైనా సరే, రావు. రోల్ కాల్‌లో "రావు" అంటే అయిదుగురు చేయెత్తేవాళ్ళం. ఆర్మీలో అయితే నంబరులో చివరి రెండంకెలు కలిపి రావు సత్తాయిస్, రావు ఛప్పన్ అని పిలిచేవారట. లేఅవుట్‌లో కూడా చిన్న చిన్న సెల్స్‌కు పేర్లుంటాయి. మన దగ్గర ఇన్వర్టర్ సెల్‌కు ఐఎన్‌వీ-వన్ అని పేరు. అవతలి కంపెనీ నుండి వచ్చిన బ్లాకులో కూడా ఐఎన్‌వీ-వన్ ఉంది, కానీ లోపల బొమ్మ వేరు. దిగుమతి చేసేటప్పుడు సాఫ్ట్‌వేరు ఏం చేయాలి? మనం సెట్టింగులో ఏది టిక్కు పెడితే అది చేస్తుంది. ఒకదాని మీద ఒకటి రాసేయమంటే రాసేస్తుంది. అప్పుడు మన చిప్‌లోని వేలాది ఇన్వర్టర్లు రాత్రికి రాత్రి వేరేవాళ్ళవైపోతాయి. అందుకే బయటినుండి వచ్చిన ప్రతి ఫైలుకూ సెల్ పేర్ల ముందు ఒక తోక తగిలించి మరీ లోపలికి రానివ్వాలి. గేటు దగ్గర గార్డు రూములో పాసు ఇచ్చినట్టు.

ఇక నా కథ. 2003. మా కంపెనీ పేరు చెప్పను, అవతలివాళ్ళ పేరూ చెప్పను, తప్పు వాళ్ళది కాదు గనుక. మా చిప్‌లో ఒక అనలాగ్ బ్లాకు బయటి సంస్థ నుండి జీడీఎస్ ఫైలుగా వచ్చింది. వాళ్ళ పొరల నంబర్లు వేరు, మావి వేరు. రెంటినీ జతపరిచే లేయర్ మ్యాప్ పట్టిక నేను రాశాను, అరవై వరుసలు. జీడీఎస్‌లో పొరకు ఒక నంబరే కాదు, పక్కన డేటాటైప్ అని ఇంకో నంబరు కూడా ఉంటుంది. ఇంటి నంబరుకు బై నంబరు ఉన్నట్టు. వాళ్ళు మధ్యలో ఒక పొరకు బై నంబరు మార్చి కొత్త ఫైలు పంపారు. కొత్త పట్టిక కూడా పంపారు. నేను ఫైలు తీసుకున్నాను, పట్టిక పాతదే ఉంచాను.

ఆ పొర ఏమిటో కాస్త చెప్పాలి. పాలీసిలికాన్ మీద కరెంటు సులువుగా పారడానికి సిలిసైడు అనే లోహపు పూత వేస్తారు. రెసిస్టర్లు కావలసిన చోట మాత్రం ఆ పూత పడకూడదు. "ఇక్కడ పూత వద్దు" అని చెప్పే పొర అది. మా పట్టికలో ఆ నంబరు లేదు గనుక సాఫ్ట్‌వేరు ఆ ఆకారాలన్నిటినీ వదిలేసింది. దొంగచాటుగా కాదు. లాగ్ ఫైల్లో హెచ్చరిక రాసింది, ఫలానా పొర పట్టికలో లేదు, ఆకారాలు తీసుకోలేదు అని. ఆ లాగ్‌లో వెయ్యికి పైగా హెచ్చరికలు ఉంటాయి, అన్నీ అప్రధానమైనవే. ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

మరి పరీక్షలు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. గీతల మధ్య సందులు చూసే పరీక్ష ఒకటి. లేని ఆకారానికి సందు ఏముంటుంది? పాసైంది. సర్క్యూట్ డ్రాయింగుతో బొమ్మను పోల్చే పరీక్ష ఇంకోటి. అది మా దగ్గర రెసిస్టరును వేరే గుర్తు పొరను బట్టి గుర్తుపట్టేది. ఆ గుర్తు ఉంది. అదీ పాసైంది.

నాలుగు నెలల తర్వాత చిప్‌లు వచ్చాయి. కరెంటు ఇవ్వగానే వేలు పెట్టలేనంత వేడి. పూత పడడంతో రెసిస్టర్లు ఉండవలసిన దానిలో కొన్ని పదుల వంతుకు పడిపోయాయి. మా పెద్దాయన మీటింగు పెట్టారు. చివరి ఎక్స్‌పోర్ట్ కమాండు నడిపింది ఒక గుంటూరు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. "ఫైలు పంపింది ఎవరు?" అని అడిగితే ఆమె పేరే వచ్చింది. ఆ సాయంత్రమే నేను నా సీట్లో కూర్చుని పాత లాగ్ తెరిచి ఆ వరుస చూశాను. పట్టిక నాది. తేదీ, నా లాగిన్ పేరు అన్నీ ఉన్నాయి. వీటిని ఎవరూ ఇంకా చూడలేదు.

రెండు రోజులు నోరు విప్పలేదు. ఇంటి లోను ఉంది, పెద్దమ్మాయి పెళ్ళి మాటల్లో ఉంది. నలభై తొమ్మిదేళ్ళ వాణ్ణి, ఈ ఉద్యోగం పోతే ఇంకెవరిస్తారు అనుకున్నాను. ఎయిర్ ఫోర్సులో ఇరవై ఏళ్ళు ప్రతి పని కింద సంతకం పెట్టినవాణ్ణి. విమానం ఎగరాలంటే ఎఫ్-700 లో సంతకాలుండాలి, మా రాడారుకూ అలాంటి లాగ్‌బుక్కే. ఎవరు ఏ పని చేశారో అక్కడుంటుంది, దాక్కునే అవకాశమే లేదు. ఈ సివిల్ ఉద్యోగంలో దాక్కోవడానికి చోటు దొరికింది, నేను దాక్కున్నాను. మూడోరోజు ఆ అమ్మాయి క్యాంటీన్‌లో ఒక్కతే కూర్చుని ఉంది. "సార్, నేను ఏం తప్పు చేశానో చెప్తారా? ఎంత వెతికినా దొరకడం లేదు" అంది. దొరకదు, ఆమె చేయలేదు గనుక.

ఆ మధ్యాహ్నం పెద్దాయన గదికి వెళ్ళి లాగ్ కాగితం టేబుల్ మీద పెట్టి "సార్, పట్టిక నాది. పాతది వాడాను" అన్నాను. ఆయన చాలాసేపు చూసి "ఇది మొన్ననే తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. ఉద్యోగం తీసేయలేదు. ఆ ఒక్క మాస్కు మార్చి మళ్ళీ చేయిస్తే చిప్ పనిచేసింది, ఇంకో మూడు నెలలు పట్టింది. కానీ ఆ రెండు రోజుల సంగతి ఆయన మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

తర్వాత నేను చేసింది ఒకటే. టేప్-అవుట్‌కు ఎఫ్-700 లాంటి కాగితం తయారుచేశాను. పిల్లలు మొదట నవ్వారు, "మిలిటరీ ఫారం" అని పేరు పెట్టారు. అందులో అడిగేవి పెద్ద విషయాలేం కాదు. బయటినుండి వచ్చిన ఫైలు తేదీ, పట్టిక తేదీ ఒకటేనా? ఆ పట్టికలో లేని పొరలు ఎన్ని? ఒక్కొక్కటి ఎందుకు వదిలేశామో ఎవరు చెప్పారు? ఎగుమతి చేసిన ఫైలును ఖాళీ లైబ్రరీలోకి మళ్ళీ దిగుమతి చేసి, అసలు బొమ్మతో పొర పొరకూ తేడా చూశారా? బయటి బ్లాకుకైతే, వాళ్ళు పంపిన ఫైలుతో మన చివరి ఫైలును పోల్చారా? నా తప్పు ఈ చివరి ప్రశ్నకు దొరికిపోయేది. తేడా సున్నా వస్తేనే సంతకం.

ఒక చిన్న చిట్కా కూడా ఉండేది. జీడీఎస్ ఫైలు మొదటి నాలుగు బైట్లు ఎప్పుడూ 00 06 00 02. ముగింపు రికార్డు 00 04 04 00, దాని తర్వాత సున్నాలు ఉంటే ఉండవచ్చు. ఆ ముగింపు లేదంటే ఫైలు దారిలో తెగిపోయిందన్నమాట. ఆ రోజుల్లో ఎఫ్‌టీపీలో పంపేటప్పుడు బైనరీ అని చెప్పకపోతే, యూనిక్స్ నుండి విండోస్‌కు వచ్చే దారిలో 0ఏ అనే ప్రతి బైటు ముందూ ఒక 0డీ వచ్చి కూర్చునేది. అది అక్షరాల ఫైలు అనుకుని చేసే మర్యాద. బొమ్మల ఫైలుకు ఆ మర్యాద ప్రాణం తీసేది.

ఇదంతా మనకెందుకు అని సర్వీసులో ఉన్నవారు అనుకోవచ్చు. నేను పనిచేసింది ఫ్రెంచి తయారీ రాడారు మీద. ఒక కార్డులో చిప్ పోతే ఇండెంటు పెట్టేవాళ్ళం. ఆ చిప్ తయారీ ఆగిపోయి ఏళ్ళయిందని జవాబు వచ్చేది. ఇంకో సెట్టులోంచి పీకి ఇందులో పెట్టేవాళ్ళం. రాడారు, విమానం, ఓడ ముప్ఫై నలభై ఏళ్ళు నడుస్తాయి. మార్కెట్లో చిప్ ఆయుష్షు అందులో చిన్న భాగం. అమెరికాలో శాక్రమెంటో దగ్గర డీఎంఈఏ అనే రక్షణ శాఖ సంస్థ, తయారీ ఆగిపోయిన చిప్‌లను మళ్ళీ చేసిపెట్టడం ఒక పనిగా పెట్టుకుంది. మన దగ్గర మొహాలీలో ఎస్‌సీఎల్, బెంగుళూరులో సితార్, హైదరాబాదులో గాలియం ఆర్సెనైడు చిప్‌లు చేసే గేటెక్ ఉన్నాయి. 2009 నుండి ఇస్రో రాకెట్లలో వాడిన 16 బిట్ల విక్రమ్ ప్రాసెసరుకు తర్వాతిదైన 32 బిట్ల విక్రమ్ 2025లో వచ్చింది, మొహాలీలోనే 180 నానోమీటర్ల పద్ధతిలో చేసింది. అంటే మన పరికరాలలో మన బొమ్మలతో చేసిన చిప్‌లు ఉంటున్నాయి, ఇంకా ఉండబోతున్నాయి.

ఆ బొమ్మలు 2050లో ఎవరో తెరవాలి. ఫైలు తెరుచుకుంటుంది, దాని గురించి నాకు బెంగ లేదు. ఇవాళ కేలేఅవుట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పాత జీడీఎస్ ఫైలు కూడా క్షణంలో తెరుచుకుంటుంది. రంగు రంగుల పెట్టెలు కనిపిస్తాయి. పొర 58 అంటే ఏమిటో చెప్పే కాగితం ఎక్కడుంది? అది రాసినవాడు రిటైరయ్యాడు, వాడి కంప్యూటరు కండెమ్ అయింది. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పట్టిక ఉన్నా ఒక ఫ్యాక్టరీ పద్ధతికి గీసిన బొమ్మ ఇంకో పద్ధతికి అలాగే పనికిరాదు, కుదించి పంపితే సరిపోదు, చాలాభాగం మళ్ళీ గీయాలి. కానీ ఏది రెసిస్టరో ఏది తీగో తెలిసి గీయడం వేరు, తెలియక గీయడం వేరు. అందుకే మీలో ఎవరైనా కొనుగోళ్ళ కమిటీల్లో, ఇన్‌స్పెక్షన్‌లో కూర్చునేవారు ఉంటే నాదొక విన్నపం. కాంట్రాక్టులో "డిజైను ఫైలు ఇవ్వాలి" అని రాసి ఊరుకోవద్దు. లేయర్ మ్యాప్, యూనిట్లు, ఏ ఫ్యాక్టరీ ఏ పద్ధతికి గీశారో ఆ వివరాలు, దిగుమతి లాగ్, ఇవన్నీ ఫైలుతోపాటే ఇవ్వాలని రాయించండి. కంప్యూటరులో ఒక కాపీ, కాగితం మీద ఒక కాపీ.

ఈమధ్య ప్రభుత్వం చిప్స్ టు స్టార్టప్ అనే పథకం కింద కాలేజీ విద్యార్థుల డిజైన్లను మొహాలీలో చిప్‌లుగా చేయిస్తోంది. ఆ ఉత్సాహంతో కొందరు పిల్లలు శనివారాలు మా ఇంటికి వస్తుంటారు. వారిలో ఒక కుర్రవాడు యానాం నుండి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కేంద్రపాలిత ప్రాంతంలో మన తెలుగు ముక్క కదా యానాం, వాడు నోరు తెరిస్తే మా కాకినాడ గాలి తగులుతుంది. పోయిన నెల వాళ్ళ బ్యాచ్ డిజైను ఫైలు తెచ్చాడు. అంతా చూశాను, బాగుంది. మిలిటరీ ఫారం తీసి నా సంతకం పెట్టి వాడి ముందుకు జరిపాను. వాడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"ఏరా, పెట్టు" అన్నాను.

"మాస్టారూ, పట్టికలో లేని పొరలు ఎన్ని అన్నచోట మీరు సున్నా వేశారండీ. లాగ్‌లో మూడున్నాయండీ."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మూడు ఉన్నాయి. రెండు ఉత్త వ్యాఖ్యల పొరలు, పోయినా నష్టం లేదు. మూడోది ఏమిటో నాకు తెలియలేదు, వాడికీ తెలియలేదు. ఆ రాత్రి వాళ్ళ ప్రొఫెసరుకు మెయిలు పెట్టాడు. నా సంతకం కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేశాను, ఫారం వాడి దగ్గరే ఉంది. మూడో పొర సంగతి తేలాక వాడే మొదట సంతకం పెడతాడు, ఆ తర్వాత నేను.

భోజనాలు సిద్ధమని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు. జై హింద్.